ఇంజన్ చెప్పిన పేరు

ఆర్థర్ సారు కారు మా యార్డు గేటు దాటుతూ రెండుసార్లు తుమ్మి, ఒక్కసారి ఎగిరిపడి, వేపచెట్టు కింద ఆగిపోయింది. పోయిన వారం కథలో మనం విడిపోయింది అక్కడే.

ఆ కారు అమ్మకానికి వచ్చింది. కొనాల్సినవాణ్ణి నేను. రాణీగంజ్‌లో సుభాన్ అంటే పాత బండ్ల సుభానేనని అందరికీ తెలుసు. అయితే ఆ పొద్దున నా మనసు బేరం మీద లేదు. యార్డుకు ఆనుకొని ఉన్న మా ఇంటి వరండాలో ఒక రేకుపెట్టె తాడు కట్టి ఉంది. అది నా చెల్లెలు షంషున్నీసాది. మర్నాటి రైలుకు ఆమెను బెజవాడలో మా మేనమామ ఇంటికి పంపేస్తున్నాను. చుట్టపుచూపుకు కాదు, అక్కడే ఉండిపోవడానికి.

ఆమె మొగుడు లాల్ నా యార్డులో మెకానిక్. పోలీస్ యాక్షన్‌కు కొద్దిరోజుల ముందు రజాకార్లు వచ్చి మా లారీని పట్టుకుపోతూ, దాన్ని నడపడానికి లాల్‌ను కూడా ఎక్కించుకుపోయారు. తర్వాత యూనియన్ మిలట్రీ వచ్చింది, రాజ్యం మారింది. సూర్యాపేట దారిలో మా లారీ బొగ్గయి దొరికింది. లాల్ దొరకలేదు. ఏడాది చూశాను. వ్యాపారస్తుడికి ఒక పద్ధతి ఉంటుంది. పోయిన సరుకును పోయిందని ఒప్పుకున్న రోజునే మిగిలిన సరుకు వైపు చూడగలుగుతాడు. నేను ఒప్పుకున్నాను. షంషున్నీసా ఒప్పుకోలేదు. గాజులు తీయలేదు, నల్లపూసలు తీయలేదు. వీధిలో ఏ బండి ఆగినా వంటింట్లోంచి ఆమె చెవి అటు తిరిగేది. అది చూడలేకే నేను బెజవాడ మాట ఎత్తాను. ఆమె ఏడవకుండా సరే అంది. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇక కారు సంగతి.

ఆర్థర్ సారు సీతాఫల్‌మండిలో ఉంటారు. బడిపంతులు. ఎండలో కూడా కోటు విప్పరు. ఆయన భార్య రోసమ్మ ఒంగోలు వైపు మనిషి, మిషను దవాఖానాలో నర్సు. బండి అమ్మడానికి భర్త వస్తే భార్య వెంట రావడం మా వ్యాపారంలో అరుదు. ఆమె మాత్రం వచ్చింది. గొడుగు మడిచి, నేల మీద పెట్టిన పాత లారీ సీటులో సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"ఎప్పటిసంది సారూ గిట్ల దగ్గుతుంది?" అని అడిగాను.

"దగ్గు కాదు సుభాన్. ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం వగరుస్తుంది. వయసైన బండి కదా."

"వయసు మీకు సుత అయింది. మీరైతే నడుమ ఆగుతలేరు."

"ఆయనా ఆగుతారండీ," అంది రోసమ్మ. "మెట్లెక్కేటప్పుడు. మీరు బండి చూడండి."

ఆర్థర్ సారు గొంతు సవరించుకున్నారు. "చూసేదేముంది? ఉన్నదున్నట్టుగా తీసుకో. విప్పడాలూ గిప్పడాలూ ఏమీ వద్దు. నీకెంత తోస్తే అంత చెప్పు."

నేను బానెట్ మీద చెయ్యి తీసేశాను. నీకెంత తోస్తే అంత చెప్పు అనే అమ్మకందారుడు వ్యాపారంలో దొరకడు. దొరికితే భయపడాలి.

"చూడకుండ కొంటే మా దుకాణం పేరు ఏం గావాలె సారూ? జెర సేపు కూసోండి. చాయ్ తెప్పిస్త."

"మీ చెల్లెల్ని తెమ్మనండి," అంది రోసమ్మ. "ఆ పిల్ల చేతి టీ బాగుంటుందని మీ హజీరా దవాఖానాకు వచ్చినప్పుడు చెప్పింది."

హజీరా నా భార్య. వంటింటి వైపు కేక వేసి చెప్పి, పనిలో దిగాను.

నాకు మెకానిక్ విద్య రాదు. లాల్ పని చేస్తుంటే పక్కన నిలబడి పానాలు అందిస్తూ నేర్చుకున్నదే నా చదువంతా. వాడు పోయాక కొత్త మనిషిని పెట్టుకోవడానికి మనసొప్పలేదు. చేతకానిచోట బండి కొనడం మానేశాను, చేతనైనంతలో నేనే చేసుకుంటున్నాను. లాల్ ఒక మాట అనేవాడు. "బావా, ఇంజన్ మొత్తాన్ని చూసి పరేషాన్ గావొద్దు. నాలుగు సిలిండర్లంటే నలుగురు మనుషులు. ఒక్కొక్కని నోరు మూసి చూడు. ఎవడు ఉత్తగ కూసొని తింటుండో తెలుస్తది."

ముందు సులువైనవి చూశాను. ప్లగ్గులు విప్పి గరుకు గుడ్డతో రుద్ది, ఒకదాని చోట ఇంకొకటి పెట్టాను. జబ్బు ప్లగ్గుదైతే ప్లగ్గుతో పాటే జరగాలి. జరగలేదు. ప్లగ్గులకు కరెంటు అందించే పాయింట్లు శుభ్రం చేశాను. కార్బురేటర్‌లో చెత్త ఉందేమోనని విప్పి ఊదాను. పెట్రోలుకు కరువొచ్చిన రోజుల్లో కిరసనాయిలు కలిపి తోలిన బండ్లలో అడుగున జిగురు పేరుకుంటుంది. దీంట్లోనూ ఉంది, అదీ తీశాను. బండి స్టార్టు చేస్తే మొదట మంచిగానే ఆడింది. ఆర్థర్ సారు మొహం విప్పారింది.

"చూశావా? కుదిరింది. ఇంక విప్పకు."

"వేడి కానియ్యండి సారూ. సల్లగున్నప్పుడు అందరు మంచోళ్ళే."

వేడెక్కింది. మళ్ళీ అదే తడబాటు. నడుస్తూ నడుస్తూ ఒక కాలు గుంతలో పడ్డట్టు.

అప్పుడు చెక్కపిడి స్క్రూడ్రైవర్ తీసుకొని ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే ఎత్తాను. మొదటిది ఎత్తితే ఇంజన్ కుంగింది. అంటే అది పని చేస్తోంది. రెండోది ఎత్తాను. ఏమీ తేడా లేదు. మూడోది ఎత్తాను. అదీ అంతే. నాలుగోది ఎత్తగానే ఆగిపోబోయింది. నడుమనున్న ఇద్దరూ కూర్చొని తింటున్నారన్నమాట. అదీ పక్కపక్కవాళ్ళు. ఒక్కరైతే వాడి జబ్బు వాడిది. పక్కపక్కన ఉన్న ఇద్దరూ ఒకేసారి పడుకుంటే జబ్బు వాళ్ళలో ఉండదు, వాళ్ళిద్దరి నడుమ గోడలో ఉంటుంది.

"సారూ, జెర కోటు విప్పి హ్యాండిల్ తిప్పుతరా?"

"నేనా?"

"తిప్పండి," అంది రోసమ్మ. "ఆకలేస్తుంది, మధ్యాహ్నం బాగా తింటారు."

ఆయన కోటు విప్పకుండానే తిప్పారు. నేను నడుమ రెండు ప్లగ్గులూ తీసేసి, రెండో రంధ్రానికి బొటనవేలు గట్టిగా అదిమాను. గాలి నా వేలిని తన్నలేదు. మూడో రంధ్రంలోంచి బుస్సుమని వచ్చింది. రెండోదాని ఊపిరి మూడోది పీలుస్తోంది, మూడోదానిది రెండోది పీలుస్తోంది. ఇద్దరికీ చాలడం లేదు.

"గ్యాస్కెట్టు కాలిపోయింది. నడిమిట్ల," అన్నాను. "హెడ్డు విప్పాలె."

సిలిండర్ల దిమ్మెకూ పైన హెడ్డు అనే మూతకూ నడుమ పరిచే రేకును గ్యాస్కెట్టు అంటారు. సందు లేకుండా పట్టి ఉంచడమే దాని పని. విప్పి కొత్తది వేస్తే అయిపోయే జబ్బు. అమ్మేవాళ్ళు ఈ మాట వింటే సంతోషించాలి. ఆర్థర్ సారు మాత్రం హ్యాండిల్ కింద పడేశారు.

"విప్పనవసరం లేదు. జబ్బేదో తెలిసింది కదా. అందుకు తగ్గట్టు ధర తగ్గించుకో. సగానికి తగ్గించుకో. కానీ ఇప్పుడు విప్పకు. నేను వెళ్ళిపోయాక, రేపో ఎల్లుండో..."

నా లెక్క నేను వేసుకున్నాను. హెడ్డు పగిలి ఉంటుంది. పగులు కనబడకుండా అతుకు పెట్టి ఉంటారు. ఇంత మంచి పంతులు కూడా పాత బండి అమ్మేటప్పుడు అందరిలాంటివాడే అయ్యాడే అని నాకు కొంచెం బాధ కూడా కలిగింది.

"సారూ, మీతోని గిది అనొద్దు గని, పగులుంటే పగులుందని చెప్పండి. మనిద్దరికీ ఎన్నేండ్ల దోస్తీ!"

"పగులేమీ లేదయ్యా, దేవుని తోడు!"

"మరి విప్పనియ్యండి."

"వద్దన్నాను కదా!"

"విప్పండి," అంది రోసమ్మ.

"రోసమ్మా! మనం ఏమనుకున్నాం?"

"మనం ఏమీ అనుకోలేదు. మీరు అనుకున్నారు. నేను విన్నాను."

"చిలకలగూడలో నాయుడు కొంటానన్నాడు. నా మాట విని అక్కడ ఇచ్చేసి ఉంటే..."

"ఇచ్చేసి ఉంటే నేను ఇంకా అలిగే ఉండేదాన్ని. మీరు ఇంకా మీ చేతి వంటే తింటూ ఉండేవారు. సుభాన్ గారూ, విప్పండి. బండి నా పేరు మీద ఉంది, నేను చెబుతున్నాను."

భార్యాభర్తల నడుమ వ్యాపారి ఎప్పుడూ బండి ఎవరి పేరు మీద ఉందో వారి వైపే నిలబడాలి. పానా తీసుకున్నాను.

బోల్టులు ఒక్కొక్కటీ వదులు చేసి, హెడ్డును కొయ్యసుత్తితో తట్టి పైకెత్తాను. పగులు వెతికాను. లేదు. అతుకూ లేదు. అప్పుడు గ్యాస్కెట్టు మీద నా కన్ను పడింది. అది కంపెనీది కాదు, చేత్తో కోసినది. మసి కింద ఎర్రగా రాగి. నా ఊహ నిజమే. రెండో రంధ్రానికీ మూడో రంధ్రానికీ నడుమనున్న సన్నని పట్టీ కాలి తెగిపోయింది. తీద్దామని మూల పట్టుకున్నాను. పట్టుకోవడానికి అక్కడ గోరంత చెవి ఒకటి ఉంది.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గ్యాస్కెట్టు కోసేవాళ్ళు అంచు వెంట కోస్తారు, వదిలేస్తారు. మూలకు చెవి ఉంచేవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను. "రేపు విప్పేటోని గోర్లు విరగొద్దు బావా," అనేవాడు. అయినా ఒక చెవిని చూసి మనిషి బతికున్నాడనుకోవడానికి నేను షంషున్నీసాను కాను. లాల్ దగ్గర పని చూసి నేర్చుకున్న ఇంకెవడో కావచ్చు. కిరసనాయిలులో గుడ్డ ముంచి రేకు మీద మసి తుడిచాను. చుక్కలు బయటపడ్డాయి. ఉలితో కొట్టిన చుక్కలు, తెలుగు అక్షరాల వరుసలో. 'షంషు' వరకు ఉంది. ఆ పక్కన అక్షరాన్ని సిలిండర్ రంధ్రం మింగేసింది.

మా ఇళ్ళలో ఆడపిల్ల పెళ్ళికి పెట్టే గిన్నెలన్నిటి మీదా పేరు కొట్టిస్తాం. దావతుల్లో పదిళ్ళ గిన్నెలు ఒక్కచోట కలుస్తాయి, ఎవరివి వాళ్ళకు చేరాలి కదా. షంషున్నీసా పెళ్ళికి మోండా మార్కెట్‌లో కూర్చొని ఆ పేరు కొట్టించింది నేనే. లారీ మీద పోయేవాళ్ళు దారిలో వండుకు తింటారు. లాల్‌ను లారీ ఎక్కించిన రోజు షంషున్నీసా తన పెద్ద రాగి దేగిశాలో బియ్యం, పప్పు పోసి పైకి అందించింది. నా కళ్ళ ముందే.

"చాయ్," అని వెనక నుంచి వినబడింది.

షంషున్నీసా పళ్ళెంతో నిలబడి ఉంది. దాచడానికి నాకు వ్యవధి లేకపోయింది. ఆమె నా చేతిలో రేకును చూసింది. పళ్ళెం మడ్‌గార్డు మీద పెట్టి, రేకును తీసుకొని, తల మీది చెంగుతో ఇంకొంచెం తుడిచింది. మసి ఆమె చెంగుకు అంటింది.

"నా దేగిశా," అంది.

రేకును వెనక్కి తిప్పి చూసింది.

"నా పెండ్లి దేగిశాను కోసిండు! ఇంత మంచి దేగిశాను! ఇంకేం రేకు దొరకలేదా మనిషికి?" ఆమె గొంతు పెరిగింది. "అన్నా, చూసినవా? అడుగు భాగం ఏం జేసిండో! అది సుత కోసిండా?" అంటూనే నేల మీద కూలబడిపోయింది. రేకు మాత్రం వదల్లేదు.

నేను ఆర్థర్ సారు వైపు తిరిగాను. వ్యాపారంలో నేను గొంతు పెంచను. ఆ రోజు పెంచాను.

"సారూ, ఈ బండి ఎప్పుడు కొన్నరు?"

"పోయిన క్రిస్మస్ ముందు."

"అప్పుడు ఈ గ్యాస్కెట్టు ఉండెనా?"

"లేదు. అప్పటిది కంపెనీదే. ఎండాకాలంలో కాలిపోయింది." ఆయన చూపు నేల మీద ఉంది.

"గప్పుడు ఇది ఎవరు ఏసిండ్రు?"

ఆయన కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. లారీ కాలింది వానాకాలం చివర. ఈ రేకు కోసింది ఆ తర్వాతి ఎండాకాలంలో. దీన్ని ఎట్లా తిప్పి లెక్కపెట్టినా నాకు ఒకటే జవాబు వస్తోంది, ఆ జవాబు నమ్మడానికి ధైర్యం చాలడం లేదు.

"ఆయన్ని అడక్కండి," అంది రోసమ్మ లేచి. "ఒట్టు నాతో పెట్టించుకున్నాడు, ఆయనతోనూ పెట్టించుకున్నాడు. బైబిలు మీద. ఆ పేరు మా నోటివెంట రాకూడదు, ఉన్న చోటు మా నోటివెంట రాకూడదు. ఇప్పటిదాకా నా నోటివెంట వచ్చిందా? మీరే చెప్పండి."

"రాలేదమ్మా."

"ఇంజన్ చెప్పింది. ఇంజన్ చేత ఎవరూ ఒట్టు పెట్టించుకోలేదు."

"రోసమ్మా, ఇది మోసం," అన్నారు ఆర్థర్ సారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "బాగుచేసి ఇచ్చినప్పుడు నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. 'సారూ, ఇది శాశ్వతం కాదు. పాడైతే యాడనన్న విప్పించుకోండి, రాణీగంజ్‌లో మాత్రం వద్దు' అని. ఈవిడేమో రాణీగంజ్‌లో తప్ప అమ్మనివ్వనంది."

"ఆ పిల్లను బెజవాడ పంపేస్తున్నారని హజీరా చెప్పాక నాకు అన్నం ఎట్లా సయిస్తుందండీ? ఆ రైలు కదిలిపోతే ఇంక ఎవరి ఒట్టు ఎవరికి?"

ఆ నిమిషంలో నాకు ఆమె మీద పుట్టిన గౌరవం ఇంతా అంతా కాదు. నేను ముప్ఫై ఏళ్ళుగా బేరాలు చేస్తున్నాను. ఇచ్చిన మాట చెక్కుచెదరకుండా, అనుకున్న పని పూర్తిగా జరిగేటట్టు కుదిర్చిన బేరం అదొక్కటే చూశాను.

షంషున్నీసా కింది నుంచే తలెత్తింది. "నర్సమ్మా, పేరు చెప్పకు. చోటు చెప్పకు. మంచిగున్నడా, గదొక్కటి చెప్పు. గది సుత ఒట్టుల ఉందా?"

రోసమ్మ నిజంగానే ఆలోచించింది. "లేదు. అది ఒట్టులో లేదు. బాగున్నాడు తల్లీ. దవాఖానాకు వచ్చినప్పుడు ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలి ఉంది. మానింది. రెండు వేళ్ళు మాత్రం సరిగ్గా మడవవు. అన్నం తింటాడు. కూరలో ఉప్పు తక్కువైతే అలుగుతాడు."

"ఎక్కువైనా అలుగుతడు," అంది షంషున్నీసా. నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తే ఆమె మొహం చెంగులో దాచుకుంది.

"యాడున్నడమ్మా?" అని నేను తొందరపడ్డాను.

"అదిగో, మీరే నాతో పాపం చేయించేటట్టున్నారు." రోసమ్మ గొడుగు చేతిలోకి తీసుకుంది. "బండి బాగుచేశాక నడిపి చూస్తారా, చూడరా?"

"చూస్తం."

"ఎంత దూరం?"

"ఎత్తులు, పల్లాలు ఉన్న దారి ఉండాలె."

"నాకు బొల్లారం అవతల ఒక రోగిని చూసే పని ఉంది. అటు దారిలో ఎత్తులున్నాయి. నేను నా రోగి దగ్గరికి పోతాను, మీరు బండిని పరీక్ష చేసుకోండి. వెనక సీటులో ఎవరు కూర్చుంటారో నేను చూడను. వెనక్కి తిరిగితే నాకు మెడనొప్పి."

మిలట్రీవాళ్ళు వేలం వేసిన సామానులోంచి తెచ్చిన గ్యాస్కెట్టు ఒకటి గోడమేకుకు వేలాడుతోంది, ఇంచుమించు సరిపోయింది. బోల్టులు షంషున్నీసానే కిరసనాయిలులో కడిగి అందించింది. నేను నడుమ నుంచి మొదలుపెట్టి బయటికి బిగించుకుంటూ పోయాను. "గట్టిగ, అన్నా, ఇంకా గట్టిగ," అంటూ ఆమె నా ప్రాణం తీసింది. ఆర్థర్ సారు చల్లారిపోయిన చాయ్ తాగుతూ యార్డు కాపలా ఉంటానన్నారు. "నేనేమీ చూడలేదు, నేనేమీ వినలేదు," అని మూడుసార్లు అన్నారు. మూడోసారి షంషున్నీసా తల మీద చెయ్యి పెట్టి, "వెళ్ళిరా అమ్మా," అన్నారు.

ఎండ తగ్గుతుండగా బయలుదేరాం. వెనక కిటికీలకు హజీరా దుప్పటి కట్టింది. పారడైజ్ టాకీసు దాటాక తిరుమలగిరి ఎత్తు వచ్చింది. ఇంజన్ ఒక్క మాట తడబడకుండా ఎక్కింది. వేరే రోజైతే ఆ చప్పుడుకే నాకు కడుపు నిండిపోయేది. అల్వాల్ దాటింది, బొల్లారం దాటింది. "నా రోగి ఇటు," అని రోసమ్మ కుడివైపు మట్టిబాట చూపించింది.

వెనక నుంచి షంషున్నీసా ముందుకు వంగింది. "అన్నా, బండి ఆపినంక ముందు నువ్వొక్కనివే దిగు. నేనొచ్చినట్టు చెప్పకు."

"ఎందుకమ్మా?"

"ఇంత దగ్గర ఉండుకుంట ఇంటికి రాలేదు. ఎందుకని నేనడిగితే నా మొహం చూసి అబద్ధం చెప్తడు. నేను బెజవాడ పోతున్ననని నువ్వు చెప్పు. ఏమంటడో నేను వింట."

ఆ మాటలో ఎంత కోపముందో అంత భయమూ ఉంది. వాడు వేరే బతుకు కట్టుకున్నాడేమోననే భయం. ఆమె ఆ మాట అనలేదు, నేనూ అనలేదు. సరేనని మాత్రం మాట ఇచ్చాను.

జామతోట. బావి పక్కన రేకుల కొట్టం, అందులో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్. నేను బండి ఆపకముందే ఆ ఇంజన్ ఆగింది. ఒక మనిషి తల ఒక పక్కకు వంచి, మా బండి చప్పుడు వింటూ బయటికి వచ్చాడు. గడ్డం పెరిగింది. సగమయ్యాడు. నన్ను చూడకముందే బానెట్ దగ్గరికి వచ్చి చెవి పెట్టాడు.

"నా గ్యాస్కెట్టు గాదు ఇది," అన్నాడు. అప్పుడు తలెత్తాడు. "బావా!"

కౌగిలించుకున్నాం. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను లెక్కపెట్టని సంగతులు చాలా తక్కువ.

రోసమ్మ మాత్రం కారులోనే కూర్చొని ముందుకే చూస్తోంది.

"షంషు ఎట్లుంది?" అన్నాడు.

వెనకే ఉందని చెప్పాలనిపించింది. కానీ మాట ఇచ్చాను. "రేపు రైలుకు బెజవాడ పంపిస్తున్న. మామ ఇంటికి. ఇగ అక్కడ్నే."

వాడు బానెట్ మీద చెయ్యి ఆనించాడు. మడవని రెండు వేళ్ళు నిటారుగా ఉన్నాయి.

"కిటికీ పక్కన కూసోబెట్టొద్దు బావా. ఆమెకు తల తిరుగుతది." బానెట్ మీది చెయ్యి తీసేశాడు. "పంపెయ్యి. రేపే పంపెయ్యి. ఆపొద్దు."

నా వెనక కారు కిటికీకి కట్టిన దుప్పటి కదిలింది.

"ఏందిరా ఆ మాట? ఏడాదిసంది గాజులు తియ్యలే ఆ పిల్ల!"

"అందుకే పంపమంటున్న." "లారీని మిలట్రీ గాల్చలేదు బావా. నేనే గాల్చిన. రజాకార్లు ఒక ఊరి మీదికి తోలమన్నరు. ఆ ఊర్ల పెండ్లి నడుస్తుంది, డప్పులు వినబడుతున్నయ్. దిగి, షంషు దేగిశా దించుకొని, పెట్రోలు డబ్బా పోసి అంటువెట్టిన. చెయ్యి గట్లనే కాలింది. ఆళ్ళల్ల పెద్దోడొకడు నన్ను చూసిండు. రాజ్యం మారినంక అందరు జైలుకు పోయిండ్రు, వాడొక్కడు పోలేదు. షేర్వాణీ ఇడిసి, ధోతీ కట్టి, సికింద్రాబాద్‌లనే వ్యాపారం జేస్తుండు. వాని మొహం తెలిసినోణ్ణి బయట నేనొక్కణ్ణే మిగిలిన. నేను బతికున్ననని తెలిస్తే ముందుగాల షంషు దగ్గరికే వస్తడు. ఆమె బెజవాడల ఉంటెనే నాకు నిద్ర వడ్తది. నన్ను సచ్చిండనే అనుకోనియ్యి బావా. నీకు దండం పెడ్త."

కారు వెనక తలుపు తెరుచుకుంది.

లాల్ తల అటు తిరిగింది. ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ కొట్టం గోడకు వీపు తగిలేదాకా పోయాడు. షంషున్నీసా దిగి, మొహం మీది ముసుగు పూర్తిగా తీసేసి, వాడికి అందేంత దగ్గరలో నిలబడింది. ఏడవలేదు. వాడి ఎడమ చెయ్యి అందుకొని, ఆ రెండు వేళ్ళనూ తన గుప్పిట్లో పెట్టుకుంది.

"నేను యాడికీ పోత లేను," అంది. "వాని పేరేంది?"

లాల్ ఆమెను చూడలేదు, నన్ను చూశాడు.

"పేరు చెప్తే బావ నమ్మడు," అన్నాడు.